అరకు వెళ్తే రోజులో సగం ఖాళీగా వదిలేయండి

అరకు వెళ్లొచ్చినవాళ్లను నాలుగేళ్ల తర్వాత అడిగి చూడండి. మ్యూజియంలో ఏమేం ఉన్నాయో గుర్తుండదు. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర పొగమంచు కమ్మేసి బండి ఆపుకున్న అరగంట, సంతలో ముక్కూమొహం తెలియని ఒకావిడ పిల్లాడి చేతిలో పెట్టిన సీతాఫలం మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు. అలాంటివి జరగాలంటే చేతిలో టైము, జేబులో చిల్లర, కడుపులో కాస్త చోటు, డ్రైవరుకి ఓపిక ఉండాలి. ఈ నాలుగూ బయల్దేరే ముందే ఏర్పాటు చేసుకోవచ్చు.

ముందుగా ఒక్కరోజు ప్యాకేజీ మానుకోండి. పొద్దున రైలు, మ్యూజియం, పద్మాపురం గార్డెన్స్, భోజనం, గాలికొండ, బొర్రా, రాత్రికి మళ్లీ విశాఖ. సాయంత్రం ఐదింటికల్లా గుహలు మూసే వేళ అవుతుంది కాబట్టి డ్రైవరు మధ్యాహ్నం నుంచే తరమడం మొదలుపెడతాడు. తప్పు అతనిది కాదు, లెక్క అలా ఉంది. రెండు రాత్రులు పెట్టుకోండి. ఖాయం చేసుకోవలసినవి మూడే: వెళ్లే టికెట్టు, గది, తిరుగు ప్రయాణం. నవంబరు నుంచి సంక్రాంతి దాకా శని, ఆదివారాల్లో గది దొరకడమే గగనం. దాన్ని మాత్రం అదృష్టానికి వదలొద్దు, పిల్లలతో రాత్రి తొమ్మిదింటికి లాడ్జీల చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఇక రోజుకి ఒక్క చోటు అనుకోండి. మధ్యాహ్నం రెండింటి నుంచి చీకటి పడేదాకా కాగితం మీద ఏమీ రాయకండి.

వెళ్లేటప్పుడు విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరి అరకు మీదుగా పోయే కిరండూల్ రైలే ఎక్కండి. యాభైకి పైగా సొరంగాలు, శిమిలిగూడ దగ్గర దాదాపు 996 మీటర్ల ఎత్తు. 2017 నుంచి అద్దాల పెట్టె విస్టాడోమ్ కూడా తిరుగుతోంది. చూడ్డానికి బాగుంటుంది గానీ కిటికీలు తెరుచుకోవు. సొరంగం రాగానే పెట్టె అంతా ఒక్కసారి వేసే కేక, చల్లటి తడిగాలి, ఉడకబెట్టిన వేరుశనక్కాయల బుట్ట దింపి మన కాళ్ల దగ్గరే కూర్చునే మనిషి, ఇవన్నీ మామూలు పెట్టెలోనే దొరుకుతాయి. వీలైతే ఒకవైపు విస్టాడోమ్, మరోవైపు మామూలు పెట్టె చేసుకోండి. తలుపు దగ్గర నిలబడటం మాత్రం వద్దు, సొరంగం గోడలు అనుకున్నదానికంటే దగ్గరగా ఉంటాయి.

బండి మాట్లాడుకునేటప్పుడే చాలామంది దెబ్బతింటారు. 'ఏడు పాయింట్లకి ఇంత' అని మాట్లాడితే డ్రైవరు ధ్యాస ఏడూ ముగించడం మీదే ఉంటుంది. రోజుకి ఇన్ని గంటలు, ఇన్ని కిలోమీటర్లు, దాటితే ఇంత అని మాట్లాడండి. బయల్దేరే ముందే చెప్పేయండి: 'అన్నా, మధ్యలో ఎక్కడైనా ఆపమంటే ఆపాలి, తొందరేం లేదు.' భోజనం వేళకి అతన్నీ పక్కన కూర్చోబెట్టుకుంటే ఏ మలుపు తర్వాత వలిసె చేను విరగబూసిందో, ఇవాళ ఏ ఊళ్లో సంతో అతనే చెబుతాడు. బండిలో ఉన్న ప్రతి ఒక్కరికీ పూటకి ఒక 'ఆపు' ఇవ్వండి. ఎందుకని ఎవరూ అడక్కూడదు. పెద్దవాళ్లు మొహమాటపడి తమ వంతు వాడుకోరు, రెండు మూడు సార్లు మనమే గుర్తుచేయాలి.

ఘాట్‌లో ఆపేటప్పుడు మలుపులో గానీ మలుపు దాటిన వెంటనే గానీ ఆపనివ్వకండి. రోడ్డు తిన్నగా ఉండి పక్కన బండి పూర్తిగా దిగే చోటు ఉంటేనే ఆపాలి. పొగమంచులో పెద్ద లైటు వేస్తే నీటి తుంపర్ల మీద పడి వెలుగంతా మన కళ్లలోకే వస్తుంది, తక్కువ లైటే మేలు. మంచు దట్టంగా ఉంటే తోసుకుంటూ వెళ్లే బదులు ఓ ఇరవై నిమిషాలు ఆగండి. గాలికి తెర జరిగినప్పుడు లోయ కొంచెం కొంచెంగా బయటపడటం, ఎండ కాసే రోజు వచ్చినవాళ్లకి దొరకదు. వాంతుల మాత్ర ఘాట్ మొదలవడానికి అరగంట ముందే వేయాలి. మలుపుల్లో వేస్తే పనిచేసేలోపే కథ ముగుస్తుంది. పెట్రోలు ఎస్. కోట (శృంగవరపుకోట)లో నింపుకోండి.

డబ్బు సంగతి. సిగ్నల్ లేనిచోట ఫోన్ చెల్లింపు పనిచేయదు. రెండు వేల రూపాయలు యాభైలు, వందల్లో, మరో రెండు మూడు వందలు పదులు, ఇరవైల్లో పెట్టుకోండి. ఐదువందల నోటు తీస్తే సంతలో అమ్మే మనిషి చిల్లర కోసం నలుగురిని అడగాలి, ఈలోపు బేరమూ పోతుంది, మాటా పోతుంది.

సంత ఏ రోజు ఎక్కడో లాడ్జీ కుర్రాడిని అడిగితే చెబుతాడు. పదింటికి వెళ్లండి, మధ్యాహ్నం దాటితే కొండ ఊళ్లవాళ్లు సర్దేసుకుంటారు. రాజ్‌మా, పసుపు, మిరియాలు, అడ్డాకులు, కొండచీపుర్లు నేల మీదే కుప్పలుగా ఉంటాయి. తూకం కంటే కొలత పాత్రలే ఎక్కువ కనిపిస్తాయి. ఒక పాత్రెడు రాజ్‌మా కొని, ఎంతసేపు నానబెట్టాలి, ఎలా వండాలి అని అడగండి. కొన్న తర్వాత అడిగిన ప్రశ్నకి వచ్చే జవాబు వేరు, కొనకముందు వచ్చేది వేరు. 'అమ్మా, ఒక ఫొటో తీసుకోనా' అని అడగండి, తల అడ్డంగా ఊపితే అక్కడితో వదిలేయండి. మీదకి వంగి ఫోన్ పెట్టేవాళ్లతో అక్కడివాళ్లు విసిగిపోయి ఉన్నారు.

బొంగులో చికెన్ కోసం కడుపు ఖాళీగా ఉంచుకోండి. టిఫిన్ నిండుగా తిని వెళ్తే ఇది వృథా. ముందే కాల్చి పెట్టిన బొంగు వద్దు, పచ్చి బొంగు తీసుకుని మీ ఎదురుగా కూరమనండి. అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు పట్టించిన ముక్కల్ని కూరి, మూతికి ఆకు దట్టంగా దోపి నిప్పుల మీద పెడతారు. ముప్పావుగంట దాకా పడుతుంది. తిప్పుతూ ఉండాలి, లేకపోతే ఒక పక్క మాడి రెండో పక్క పచ్చిగా ఉంటుంది. ఆకు అంచుల్లోంచి నురగ బుసబుసమంటూ వచ్చి, ఆవిరిలో కారం వాసనతో పాటు పచ్చి వెదురు వాసన తగిలితే దగ్గరపడినట్టు. బొంగు నల్లబడ్డాక చీల్చి ఆకులో ఒంపుతారు. ఆ ముప్పావుగంట ఫోన్ చూడకండి. నిప్పులు ఎగదోసే మనిషితో మాట కలపండి.

అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా వలిసె పూలతో చేలు పచ్చటి పసుపు రంగులో ఉంటాయి. అవి నూనెగింజల పంట, ఎవరో రైతు పొట్టకూడు. గట్టు మీద నడవండి. పది ఇరవై అడిగితే ఇచ్చేయండి. కాఫీ పళ్లు ఎర్రబడేది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. కోయకండి, అడిగితే ఒకటి చేతిలో పెడతారు. చప్పరిస్తే గింజ చుట్టూ జిగురుగా, తియ్యగా ఉంటుంది.

సాయంత్రం ఎక్కడైనా గిరిజనులు థింసా నాట్యం ఆడుతూ మిమ్మల్నీ రమ్మంటే వెళ్లండి. చేతులు పక్కవాళ్ల వీపు వెనక కలుపుతారు, అందరి అడుగూ ఒక్కటే. మొదటి రెండు చుట్లు కాళ్లే చూడండి, చేతులు లాగకండి. చెప్పులు విడిచేసి ఆడితే సులువు. ఆడించినవాళ్లకి డబ్బు ఇవ్వడం మర్యాద.

అనుకోకుండా దిగకూడని చోటు గెడ్డ, అంటే కొండవాగు. చాపరాయి జలపాతంలాంటి చోట బండ మీద పాచి కనపడదు, వాలులో ఒకసారి జారితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడొచ్చు. నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగులోకి మారినా, ఆకులు పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే పైకి వచ్చేయాలి. వానాకాలం గడ్డిలో నడిస్తే జలగలు పడతాయి, లాగకుండా ఉప్పు వేయండి.

రాత్రి పడుకునే ముందు ఆ రోజువి మూడు ముక్కలు రాసుకోండి: ఎవరు ఏమన్నారు, ఏం వాసన వచ్చింది, ఏం తిన్నారు. ఫొటోలో రానివి ఇవే. సంత గోల అర నిమిషం ఫోన్‌లో రికార్డు చేసినా చాలు.

తిరుగు ప్రయాణానికి కిరండూల్ నుంచి వచ్చే రైలును నమ్ముకుని అదే రాత్రి విశాఖలో హైదరాబాదు బండి పెట్టుకోకండి. ఆలస్యం మామూలే. కనెక్షన్ రైలు మర్నాడు ఉండేలా చూసుకోండి. సొంత బండి అయితే చలికాలంలో నాలుగింటికల్లా దిగడం మొదలుపెట్టండి, ఘాట్ చీకటి పడకముందే దాటాలి. విశాఖకి ఆఖరి బస్సు ఎన్నింటికో ముందురోజే అరకు బస్టాండ్‌లో అడిగి పెట్టుకోండి, రైలు మరీ ఆలస్యమైతే అదే దిక్కు.