పాము కాటు: తెల్లారేదాకా ఆగొద్దు

పోయిన వారం చేవెళ్ల వైపు మా బంధువుల పొలంలో పనిచేసే అతను షెడ్డులో చాప మీద పడుకున్నాడు. అర్ధరాత్రి చేతికి ఏదో చురుక్కుమంది. వాపు లేదు, మంట లేదు. చీమ అనుకుని మళ్ళీ పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దగా వచ్చింది. హైదరాబాద్‌కు తెచ్చి నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉంచితే బతికాడు. కరిచింది కట్లపాము.

వానలు పడుతున్నాయి. ఆదివారాలు శంకర్‌పల్లి, మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లకు పోయేవాళ్ళు, ఊళ్ళో నాట్లకు దిగేవాళ్ళు ఇది చదవండి.

మన దగ్గర ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు. నాగుపాము పడగ అందరికీ తెలుసు. కానీ పారిపోయేటప్పుడు పడగ విప్పదు, అప్పుడు చాలామంది జెర్రిపోతు అనుకుంటారు. రక్తపింజర లావుగా, గోధుమ రంగులో ఉంటుంది. వీపు మీద గొలుసులా మూడు వరుసల మచ్చలు, కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస. చిన్నపింజర రాళ్ళ నేలల్లో ఉంటుంది, పొలుసులు రాపాడించి గరగరమంటుంది. కట్లపాము నల్లగా మెరుస్తుంది. దాని తెల్లటి సన్నని కట్లు తోక వైపు స్పష్టంగా, మెడ దగ్గర దాదాపు లేకుండా ఉంటాయి. రాత్రి తిరుగుతుంది, నిద్రలో ఉన్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాట్లు కూడా కనపడకపోవచ్చు.

మనుషులు పోయేది ఇక్కడే. నొప్పి లేదు కాబట్టి విషం లేదు అనుకుంటారు. "పొద్దున చూద్దాం లే" అంటారు. కట్లపాము విషం నరాల మీద పనిచేసి ఊపిరి ఆపేస్తుంది. పొద్దున్నకు ఆలస్యమైపోతుంది. "పురుగు ముట్టింది" అని అనుమానం వచ్చినా చాలు, ఆ నిమిషమే బయల్దేరండి.

పామును వెతకొద్దు, చంపి తేవొద్దు. మన దగ్గర ఇచ్చే విరుగుడు ఇంజెక్షన్ ఈ నాలుగింటికీ ఒక్కటే, పేరు తెలియకపోయినా డాక్టర్ లక్షణాలు చూసి ఇస్తారు.

నేల మీద పడుకోవద్దు. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందకి దోపాలి. టార్చిలైటు లేకుండా రాత్రి అడుగు బయట పెట్టొద్దు. కట్టెల మోపులో, పిడకల కుప్పలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించండి. చెప్పులు కాదు, బూట్లు. ధాన్యం ఇంటికి దూరంగా పెట్టండి, ఎలుక వస్తే పాము వస్తుంది. ఇంట్లోకి వస్తే కొట్టబోకండి, హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళు వచ్చి పట్టుకుంటారు.

కరిస్తే తాడు కట్టొద్దు. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. పసరు వద్దు, మంత్రం వద్దు, సారా అసలే వద్దు. ఉంగరం, గాజులు వాపు రాకముందే తీసేయండి. కరిచిన చెయ్యి గానీ కాలు గానీ కదలకుండా చెక్క పెట్టి కట్టండి. ఎన్ని గంటలకు కరిచిందో గుర్తుపెట్టుకోండి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, విరుగుడు మందు, వెంటిలేటర్ రెండూ ఉన్న ఆసుపత్రి ఏదో దారిలోనే కనుక్కోండి. నడిపించొద్దు. బండి మీదే తీసుకెళ్ళాల్సి వస్తే మధ్యలో కూర్చోబెట్టి, వెనక ఇంకొకరు గట్టిగా పట్టుకోండి.