స్కీ సీజన్‌కి ముందే బూట్ లైనర్ సంగతి తేల్చుకోండి

సియాటెల్, బెల్‌వ్యూ వైపు ఉండే మనవాళ్లలో స్కీయింగ్‌కి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు, శనివారం దగ్గర్లోని స్కీ కొండ స్నోక్వాల్మీ పార్కింగ్‌లో తెలుగు వినపడటం మామూలైపోయింది. స్కీలు, జాకెట్లు, హెల్మెట్ల గురించి అందరూ నెలల ముందు నుంచే మాట్లాడుకుంటారు గానీ బూట్ లోపల ఉండే లైనర్ ఎవరికీ గుర్తు రాదు. మధ్యాహ్నం కాకముందే కొండ కింద లాడ్జ్‌లో బకిల్స్ అన్నీ విప్పేసి పాదాలు నొక్కుకుంటూ కూర్చున్నవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే అందులో చాలా నొప్పి అక్టోబరులోనే ఇంట్లో కూర్చుని తప్పించుకోదగ్గది. స్కీ బూట్ అన్నాక నొప్పి పెట్టాల్సిందే అని ఎవరైనా చెప్తే నమ్మకండి. బిగుతుగా ఉండాలి, అది నిజమే. నొప్పి, తిమ్మిరి మాత్రం ఉండకూడదు.

స్కీ బూట్‌లో రెండు భాగాలు. బయట గట్టి ప్లాస్టిక్ షెల్, లోపల లాగితే బయటికి వచ్చే మెత్తటి లైనర్. కాలి కదలికను స్కీకి అందించేది షెల్, కాలు ఆ షెల్‌లో జారకుండా పట్టి ఉంచేది లైనర్. కొత్త బూట్‌తో వచ్చే లైనర్‌లోని ఫోమ్ వాడేకొద్దీ పాత పరుపులా కుంగుతుంది, ముఖ్యంగా మడమ చుట్టూ, చీలమండ దగ్గర. అప్పుడు మడమ లోపల పైకి లేవడం మొదలవుతుంది, దాన్ని ఆపాలని మనం బకిల్స్ ఇంకో పన్ను బిగిస్తాం, పాదం పైభాగంలో రక్తనాళం, నరాలు చర్మానికి బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి అవి నలిగి వేళ్లు మొద్దుబారి చల్లబడతాయి, చలేస్తోంది కదా అని మందపాటి సాక్స్ వేస్తాం, దాంతో లోపల ఇంకా ఇరుకై రక్తం ఆడటం ఇంకా తగ్గుతుంది. నా కాళ్లు చలికి ఆగవు అనేవాళ్లు హీటెడ్ సాక్స్ కొనే ముందు ఒక్కసారి లైనర్ బయటికి తీసి చూసుకోవాలి.

తీయడానికి కూడా ఒక పద్ధతి ఉంది. బూట్‌ని కొన్ని గంటలు ఇంట్లో వెచ్చగా ఉంచి, బకిల్స్, పైన ఉండే పవర్ స్ట్రాప్ పూర్తిగా విప్పి, లైనర్‌ని మడమ వెనక పట్టుకుని పైకి లాగాలి. గరాజ్‌లో చల్లగా ఉన్న బూట్‌తో కుస్తీ పడితే కుట్లు తెగుతాయి. బయటికి వచ్చాక మడమ దగ్గర లోపలి బట్ట అరిగిందా, కుట్లు ఊడాయా, బొటనవేలితో నొక్కి వదిలితే ఫోమ్ మళ్లీ పైకి లేస్తోందా లేక పల్చబడి అలాగే ఉండిపోతోందా చూడండి. పోయిన సీజన్ చివరికి బకిల్స్ ఆఖరి పన్ను దాకా వెళ్లి ఉంటే, మోకాళ్లు ముందుకు వంచినప్పుడు మడమ లేస్తూ ఉంటే ఆ లైనర్ పని అయిపోయినట్టే.

కానీ అప్పుడే కొత్త లైనర్ ఆర్డర్ పెట్టకండి, ముందు షెల్ కొలవాలి. ఎక్కువ డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. ఖాళీ షెల్‌లో ఉత్తకాలు పెట్టి, వేళ్లు ముందు గోడకు ఆనీ ఆననట్టు ఉంచి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో చూడండి. 1.5 నుంచి 2 సెంటీమీటర్లు ఉంటే చాలామందికి సరిపోతుంది, రేసింగ్ చేసేవాళ్లు ఇంకా తక్కువ పెట్టుకుంటారు. 3 సెంటీమీటర్లు వచ్చిందంటే షెల్ మీకు పెద్దది, అందులో ఎంత ఖరీదైన లైనర్ వేసినా కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. ఆ డబ్బు కొత్త బూట్ మీద పెట్టడమే నయం. ఇంకో సంగతి, సగం సైజుల్ని నమ్ముకోకండి. స్కీ బూట్ సైజు అంటే సెంటీమీటర్లలో పాదం పొడవు, 26.5 అంటే 26.5 సెంటీమీటర్ల పాదానికి అని. అయితే చాలా కంపెనీల్లో 26కీ 26.5కీ షెల్ ఒక్కటే, తేడా అంతా లోపలి సర్దుబాటులోనే ఉంటుంది.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది వెడల్పు గురించి. చిన్నప్పుడు ఉత్తకాళ్లతో, చెప్పులతో పెరిగిన పాదాలకు వేళ్ల దగ్గర వెడల్పు ఎక్కువ ఉండటం మామూలే. షాపులో బూట్ వేసుకోగానే చిటికెనవేలి పక్క ఎముక నొక్కుతుంది, వెంటనే ఒక సైజు పెద్దది అడుగుతాం. వెడల్పు కోసం పొడవు కొంటే ముందు హాయిగానే ఉంటుంది, కొండ మీద మాత్రం పాదం ముందుకు జారి బొటనవేలు షెల్‌కి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. పొడవు కొలిచినంతే తీసుకుని వెడల్పు ఉన్న మోడల్ అడగండి. ఈ వెడల్పు కొలతని లాస్ట్ అంటారు, మిల్లీమీటర్లలో చెప్తారు, 97–98 అంటే సన్నం, 100 మధ్యరకం, 102 పైన వెడల్పు. అప్పటికీ ఒక చోట నొక్కుతుంటే బూట్‌ఫిట్టర్, అంటే బూట్‌ని పాదానికి సరిచేసే షాపు నిపుణులు, ఆ భాగం ప్లాస్టిక్‌ని వేడి చేసి కొన్ని మిల్లీమీటర్లు బయటికి సాగదీస్తారు. దాన్ని పంచ్ చేయడం అంటారు. షెల్‌ని ఒక చోట పెంచడం కుదురుతుంది గానీ పొడవుని తగ్గించడం ఎవరి వల్లా కాదు.

షెల్ సరిగ్గా ఉందని తేలాక లైనర్ రకాల దగ్గరికి రండి. మొదటిది వేడితో మీ పాదం ఆకారానికి అచ్చు పోసే ఫోమ్ లైనర్, కెనడాలోని వాంకూవర్ కంపెనీ ఇంట్యూషన్ చేసేవి ఇందులో బాగా పేరున్నవి. తేలిక, వెచ్చన, నీళ్లు పీల్చవు, కుంగితే మళ్లీ వేడి చేసి కొంతవరకు ఉబ్బించుకోవచ్చు, ధర 200 డాలర్ల పైన ఉంటుంది. వీటిలో ముందువైపు నాలుక (కాలి ముందు భాగాన్ని కప్పే మెత్తటి పట్టీ) విడిగా ఉండేవీ, కాలి చుట్టూ చుట్టుకునే ర్యాప్ రకమూ ఉన్నాయి. పిక్క ముందు ఎముక నొప్పి ఎక్కువగా వచ్చేవాళ్లకి నేను ర్యాప్ చూడమనే చెప్తాను, ఒత్తిడి ఒక్క చోట పడకుండా పంచుకుంటుంది. రెండోది జిప్‌ఫిట్ లాంటి కార్క్ లైనర్. మడమ, చీలమండ చుట్టూ కార్క్ కలిపిన ముద్ద ఉంటుంది, వేడికి కదిలి మీ ఎముకల చుట్టూ సర్దుకుంటుంది, వదులైతే పైనుంచి ఇంకొంచెం నింపుకోవచ్చు. 400 డాలర్ల పైమాటే, బరువు ఎక్కువ, చల్లగా ఉంటే కాలు దూర్చడం కష్టం, కానీ మన్నిక విషయంలో దీనికి సాటి లేదు. ఏటా చాలా రోజులు వెళ్లేవాళ్లకి ఖర్చు గిట్టుబాటవుతుంది. మూడోది మీరు నిలబడి ఉండగా లోపలికి ద్రవం ఎక్కించి గట్టిపరిచే ఇంజెక్షన్ ఫోమ్. పట్టు గొప్పగా ఉంటుంది, అయితే ఆ కొద్ది నిమిషాలు మీరు ఎలా నిలబడితే అలాగే గట్టిపడిపోతుంది, మళ్లీ దిద్దుకోవడానికి వీలుండదు, కాబట్టి అనుభవం ఉన్న చేతుల్లోనే చేయించుకోండి. ఏడాదికి రెండు మూడు వీకెండ్లు వెళ్లేవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు, బూట్‌తో వచ్చిన లైనర్, దాంతో పాటు పాదం కింద పెట్టే మంచి ఇన్‌సోల్ చాలు.

ఇన్‌సోల్ ముందు, లైనర్ తర్వాత. ఈ వరస మార్చకండి. బరువు పడ్డప్పుడు పాదం వంపు కుంగి పాదం పొడవవుతుంది, కింద ఆధారం ఉంటే అంత సాగదు. లైనర్ అచ్చు పోయించాక ఇన్‌సోల్ మారిస్తే పాదం ఎత్తు మారి అచ్చు అంతా తప్పుతుంది.

అచ్చు పోయించే రోజు మీరు కొండ మీద వేసుకునే సాక్స్‌నే తీసుకెళ్లండి. పల్చటి మెరినో ఉన్ని సాక్స్ ఒక్క జత, అంతే. కాటన్ చెమట పీల్చి తడి నిలుపుకుంటుంది, రెండు జతలు వేస్తే మడతలు పడి పుండ్లవుతాయి. లోపల వేసుకునే థర్మల్ ప్యాంటు అంచుని బూట్‌లోకి తోయకూడదు, ఆ ఒక్క మడత చాలు సాయంత్రానికి ఎముక మీద కమిలిపోవడానికి. వేళ్ల మీద చిన్న తొడుగు వేసి, వేడి చేసిన లైనర్‌తో బూట్ తొడిగి, బకిల్స్ పెట్టి, కదలకుండా నిలబెడతారు. వీడియో చూసి వంటింటి ఓవెన్‌లో ప్రయత్నించకండి, వేడి కాస్త ఎక్కువైనా ఫోమ్ పాడైపోతుంది. చాలా షాపులు తమ దగ్గర కొన్న లైనర్‌కి ఈ పని ధరలోనే కలిపి చేసిపెడతాయి, కొనేటప్పుడే అడగండి. తర్వాత ఇంట్లో టీవీ చూస్తూ రోజూ కాసేపు వేసుకుని నిలబడండి, నొక్కే చోటు ఏదన్నా ఉంటే కొండ ఎక్కకముందే తెలుస్తుంది. లైనర్ మార్చినంత మాత్రాన బైండింగ్, అంటే బూట్‌ని స్కీకి పట్టి ఉంచే బిగింపు, సెట్ చేయించక్కర్లేదు. బూటే మార్చారా, షాపులో బైండింగ్ సరిచేయించకుండా ఒక్క రన్ (కొండ మీంచి ఒక్కసారి కిందికి దిగడం) కూడా వెళ్లకండి, పడినప్పుడు స్కీ ఊడకపోతే పోయేది మోకాలు.

మన సియాటెల్ వైపు కాస్కేడ్స్ కొండల మంచు తడి మంచు. సాయంత్రానికి చెమట, మంచునీరు కలిసి లోపల తేమ పేరుకుంటుంది, ఆరకపోతే వాసనతో పాటు మర్నాడు చలి. ఇంటికి రాగానే లైనర్ పూర్తిగా బయటికి తీసి గది గాలికి ఆరబెట్టండి, ఇన్‌సోల్ కూడా తీసి పెట్టండి. బూట్ డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడి మీద. ఫైర్‌ప్లేస్ ముందు, హీటర్ మీద పెట్టొద్దు, అచ్చు కరిగిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు మడమ పూర్తిగా కిందికి దిగిందా, నాలుక మధ్యలో ఉందా చూసుకుని, ఆరిన బూట్‌కి బకిల్స్ వదులుగా పెట్టి ఉంచండి, లేకపోతే షెల్ ఆకారం మారుతుంది. రాత్రంతా కారు డిక్కీలో వదలకండి. చలికి ప్లాస్టిక్ బిగుసుకుని ఉదయం కాలే దూరదు.

పిల్లల విషయంలో వచ్చే ఏడాదికీ పనికొస్తుందని ఒక సైజు పెద్దది తీసుకోవడం మనకు అలవాటు. బట్టలకైతే పరవాలేదు, స్కీ బూట్‌కి మాత్రం వద్దు. కాలు లోపల జారుతుంటే పిల్లలకి స్కీ మీద అదుపు ఉండదు, భయపడిపోతారు. సీజన్ మొత్తానికి అద్దెకిచ్చే ప్యాకేజీలు ఉంటాయి, పాదం పెరిగితే మార్చి ఇస్తారో లేదో ముందే కనుక్కోండి. హైదరాబాద్ నుంచి గుల్మార్గ్, ఔలీ వెళ్లేవాళ్లు కూడా అద్దె బూట్ తీసుకునేటప్పుడు లైనర్ లోపల చెయ్యి పెట్టి తడిగా ఉందా, మడమ దగ్గర చిరిగిందా చూసి, బాగాలేకపోతే మొహమాటపడకుండా ఇంకో జత అడగండి.

షుగర్ ఉన్నవాళ్లు దయచేసి ఇది సీరియస్‌గా తీసుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకి బూట్ ఎక్కడ కోసుకుంటోందో తెలియదు, మామూలువాళ్లు నొప్పితో ఆగిపోయే చోట వీళ్లకి పుండు పడేదాకా తెలియదు. సీజన్‌కి ముందు డాక్టర్‌కి పాదాలు చూపించి అడగండి. వెళ్లిన రోజు రెండు మూడు రన్‌ల తర్వాత లాడ్జ్‌లో బూట్, సాక్స్ తీసి పాదం అడుగు, మడమ, వేళ్ల మధ్య చూసుకోండి, చూడటం కష్టమైతే పక్కవాళ్లని చూడమనండి. ఎరుపు లేదా బొబ్బ కనపడితే ఆ రోజుకి స్కీయింగ్ ఆపేయండి.

బూట్‌ఫిట్టర్ అపాయింట్‌మెంట్ మాత్రం అక్టోబరులోనే తీసుకోండి. థ్యాంక్స్‌గివింగ్ దాటితే షాపులు కిటకిటలాడతాయి, అచ్చు పోశాక మళ్లీ ఒకసారి సరిచేయించుకోవడానికి టైమ్ దొరకదు.