ఫుటీ రూల్స్ మీద, అంపైరింగ్ మీద గట్టిగా వాదించాలంటే

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్‌లో, అంటే ఫుటీలో, విజిల్ మోగిన ప్రతిసారీ సగం స్టేడియం లేచి నిలబడుతుంది. మెల్‌బోర్న్‌లో ఆ గొడవ స్టేడియంతో ఆగదు. సోమవారం పొద్దున రైల్లో, పనిలో, సాయంత్రం పిల్లల ట్రైనింగ్ దగ్గర నడుస్తూనే ఉంటుంది. నేను ఆ ఊరి శివారు టార్నెట్‌లో ఉంటాను. వెస్టర్న్ బుల్‌డాగ్స్ అనే క్లబ్ అభిమానిని. ఆదివారాలు జూనియర్ మ్యాచ్‌లకు బౌండరీ అంపైర్‌గా గీత వెంట పరిగెత్తుతాను. కంచె అవతల నిలబడి అరవడమూ తెలుసు, ఇవతల నిలబడి ఆ అరుపులు వినడమూ తెలుసు. ఈ ఆటను కొత్తగా పట్టించుకుంటున్న మనవాళ్లు వాదనలో దిగితే తేలిపోకుండా నిలబడాలని నా కోరిక. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు మీ అభ్యంతరం దేనిమీదో తేల్చుకోండి. తప్పనిపించిన ఒక నిర్ణయం వెనక మూడు సంగతులు ఉండొచ్చు. రూలే బాగా లేకపోవచ్చు. రూలు బాగానే ఉన్నా, దాన్ని ఈ సీజన్‌లో ఇలా చూడండి అని ఈ ఆటకు పెద్ద లీగ్ అయిన ఏఎఫ్‌ఎల్ అంపైర్లకు చెప్పిన తీరు బాగా లేకపోవచ్చు. రెండూ సరిగ్గానే ఉండి, ఆ క్షణంలో అంపైర్‌కు కనపడకపోయి ఉండొచ్చు. మొదటిదానికి రూలు మార్చాలి, రెండోదానికి సూచన మార్చాలి, మూడోదానికి అంపైర్ నిలబడే చోటో, అంపైర్ల సంఖ్యో మార్చాలి. నేను విన్న గొడవల్లో ఎక్కువ భాగం ఈ మూడింటినీ కలిపేయడం వల్ల ఎటూ తేలనివే.

2024 సీజన్ మధ్యలో జరిగింది చూడండి. టాకిల్‌లో, అంటే ప్రత్యర్థి పట్టులో, చిక్కినవాడికి బంతి వదలడానికి ఇస్తున్న సమయం మరీ ఎక్కువైందని కోచ్‌లు, అభిమానులు మొత్తుకున్నారు. ఆ సమయాన్ని తగ్గించి చూడమని ఏఎఫ్‌ఎల్ అంపైర్లకు చెప్పింది. మారింది అన్వయమే. అలాంటి రోజుల్లో "పోయిన నెల ఇదే టాకిల్‌కి ఇవ్వలేదు, ఇవాళ ఇచ్చాడు" అని అంపైర్‌ను తిడితే బాణం తప్పు చోటికి వెళ్తుంది. సీజన్ మధ్యలో కొలత మార్చొచ్చా అన్నది అసలు అడగాల్సిన ప్రశ్న. నన్నడిగితే మార్చకూడదు. మార్చిలో ఆడిన టీమ్‌కీ జూన్‌లో ఆడిన టీమ్‌కీ పాయింట్లు ఒకే పట్టికలో పడతాయి.

అన్నిటికన్నా ఎక్కువ రచ్చ హోల్డింగ్ ద బాల్ (పట్టుబడ్డాక బంతిని వదలకపోవడం) మీదే కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుదాం. టాకిల్ పడగానే జనమంతా ఒక్క గొంతుతో "బాల్!" అంటారు. ఆ గొంతులో గొంతు కలిపే ముందు ఒకటి చూసుకోండి: టాకిల్ పడకముందే ఆటగాడికి బంతిని వదిలే అవకాశం దొరికిందా లేదా. దాని పేరు ప్రయర్ ఆపర్చ్యునిటీ, గ్రౌండ్‌లో అందరూ ప్రయర్ అనేస్తారు. ప్రయర్ ఉంటే, సరైన టాకిల్ పడిన వెంటనే బంతి కిక్‌గానో హ్యాండ్‌బాల్‌గానో (పిడికిలితో కొట్టి) వెళ్లి తీరాలి. చేతిలోంచి జారిపోయిందన్నా కుదరదు, అవతలివాళ్లకు ఫ్రీ కిక్ ఇవ్వాల్సిందే. ప్రయర్ లేకపోతే, వదలడానికి నిజంగా ప్రయత్నిస్తే చాలు. ఆ పెనుగులాటలో బంతి ఊడిపడితే ఆట సాగుతుంది, శరీరాల మధ్య ఇరుక్కుపోతే బాల్-అప్, అంటే అంపైర్ బంతిని పైకి వేసి ఆట మళ్లీ మొదలుపెడతాడు. "బంతి పడిపోయింది కదా, ఎందుకివ్వలేదు?" అని మాత్రమే అడిగితే అది సగం వాదనే.

మా మ్యాచ్‌లకు కొడుకును తీసుకొచ్చే ఒకాయన హాఫ్ టైమ్‌లో నన్ను పట్టుకున్నాడు.

"అన్నా, అవతలి పిల్లాడు బంతి మీద పడుకుండిపోయాడు. అది బాల్ కాదా?"

"బంతి అందుకున్నాక ఎన్ని అడుగులు వేశాడు తమ్ముడూ?"

"అడుగేం లేదు, అందుకుంటూనే పట్టేశారు."

"మరి ప్రయర్ ఎక్కడుంది?"

"ప్రయర్ లేకపోతే లేదు. బంతిని పొట్ట కిందకి లాక్కున్నాడు కదన్నా, బయటికి తోసే ప్రయత్నమే చెయ్యలేదు."

ఆయన చెప్పింది సరైన పాయింటు. బంతి మీదకు దూకినా, దాన్ని ఒంటి కిందకు లాక్కున్నా, టాకిల్ పడ్డప్పుడు బయటికి తొయ్యకపోతే ప్రయర్ లేకున్నా ఫ్రీ కిక్ ఇవ్వొచ్చు. మైదానం లోపల విజిల్ వేసే ఫీల్డ్ అంపైర్‌కు ఆ చెయ్యి కనపడిందా అన్నది ఒక్కటే మిగిలింది. వాదన ఇంత చిన్న చోటికి వచ్చిందంటే దానికి జవాబు దొరుకుతుంది.

ఇక కనపడటం గురించి. క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూ ఇచ్చే అంపైర్ ఎక్కడ నిలబడతాడో ముందే తెలుసు. ఇక్కడ ముప్పై ఆరుమంది ఓ పెద్ద ఓవల్‌లో నలువైపులా పరిగెడుతుంటే అంపైర్ కూడా వాళ్లతో పరిగెడుతూ చూడాలి. వెనకనుంచి తోశాడా లేదా అన్నది పక్కనుంచి చూస్తేనే తెలుస్తుంది, సరిగ్గా వెనకనుంచి చూస్తే చేతులు ఆనించడమూ తోయడమూ ఒకేలా ఉంటాయి. టీవీలో మీరు చూసిన కోణం అంపైర్‌ది కాదు. అందుకే రీప్లే చూసేటప్పుడు ముందు ఆటగాళ్లను వదిలేసి అంపైర్‌ను వెతకండి. ఎటు పక్కన ఉన్నాడు, మధ్యలో ఎవరైనా అడ్డొచ్చారా చూడండి. 1976 దాకా మైదానం మొత్తానికి ఒక్కడే ఫీల్డ్ అంపైర్ ఉండేవాడు. తర్వాత ఇద్దరయ్యారు, 1994 నుంచి ముగ్గురు, 2023 నుంచి నలుగురు. నలుగురైతే నలుగురి కొలతలూ ఒకటిగా ఉండవని అప్పుడు అభ్యంతరం వచ్చింది. అది తీసిపారేసే మాట కాదు. అయినా నేను నలుగురి వైపే. దూరం తగ్గితే పక్క కోణం దొరుకుతుంది, పైగా ఒక్కొక్కరి మీద పరుగు భారం తగ్గి మంచి అంపైర్లు ఇంకొన్నేళ్లు ఆటలో మిగులుతారు.

ఫ్రీ కిక్‌ల లెక్క చూపించి గెలవాలని చూడకండి. ఈ మాట బుల్‌డాగ్స్ అభిమానిగా చెప్తున్నాను, ఎందుకంటే 2016 గ్రాండ్ ఫైనల్ మా నెత్తిన ఉంది. 1954 తర్వాత మాకు దక్కిన తొలి ప్రీమియర్‌షిప్ (ఛాంపియన్ టైటిల్) అది, సిడ్నీ స్వాన్స్ మీద 22 పాయింట్ల గెలుపు. ఆ మ్యాచ్‌లో ఫ్రీ కిక్‌లు మాకు 20, వాళ్లకు 8. మా షిఫ్ట్‌లో ఒకాయన స్వాన్స్ అభిమాని, ఇప్పటికీ ఆ రెండంకెలూ చెప్పి ఊరుకుంటాడు. నేను ఆయన్ని అడిగేది ఒకటే: "ఏ ఫ్రీ కిక్ తప్పో చూపించు, ఇవ్వాల్సింది ఏది ఇవ్వలేదో చూపించు." బంతి మీదకు ముందు చేరే టీమ్‌కి ఫ్రీ కిక్‌లు ఎక్కువ వస్తాయి, ఆలస్యంగా చేరేవాళ్లు మెడ మీదో వీపు మీదో పడతారు. లెక్కలో తేడా ఉంటే అనుమానించే హక్కు మీకుంది, కానీ ఆ అంకె ఒక్కటే దేన్నీ రుజువు చెయ్యదు. ఆయన నిజంగానే కొన్ని క్లిప్పులు తెచ్చి చూపించాడు. వాటిలో ఒకటి రెండింటికి నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. ఆ తర్వాతే మా ఇద్దరి మధ్య మాటలు మాటల్లా సాగాయి.

రూలు మార్పు మీద వాదించాలంటే పద్ధతి వేరు. ఏ జబ్బుకి ఈ మందు అని మొదట అడగాలి. ఈ మందు వేస్తే కోచ్‌లు ఏం చేస్తారని వెంటనే అడగాలి. రెండో ప్రశ్నను జనం మర్చిపోతారు, కోచ్‌లు మాత్రం ఆ రాత్రే దానిమీద కూర్చుంటారు.

జబ్బు స్పష్టంగా ఉంటే మందూ బాగా పనిచేస్తుంది. 2008 గ్రాండ్ ఫైనల్‌లో హాథార్న్ డిఫెండర్లు జీలాంగ్ ఒత్తిడి నుంచి తప్పించుకోడానికి 11 సార్లు బంతిని తమ గోల్ గీత దాటించేసి వాళ్లకు ఒక్కో పాయింటు వదులుకున్నారు. రూలు ప్రకారం అప్పట్లో అది తప్పు కాదు, తెలివైన ఎత్తు. 2009 నుంచి కావాలని అలా చేస్తే ఫ్రీ కిక్ ఇస్తున్నారు, అదీ గోల్ ముందే. ఎవరు ఏం చేస్తున్నారో, దాన్ని ఎలా ఆపాలో అందరికీ కనిపించింది.

ఇంటర్‌చేంజ్ (మ్యాచ్ మధ్యలో ఆటగాళ్లను మార్చడం) కథ అలా కాదు. ఆటగాళ్లు అలసిపోతే మైదానం విశాలమవుతుంది, గోల్స్ పెరుగుతాయి అని 2014లో మ్యాచ్‌కు 120 మార్పిళ్ల పరిమితి పెట్టారు, 2016లో 90 చేశారు, 2021లో 75. స్కోర్లు అనుకున్నట్టు పెరగలేదు, 2019కి ఇంకా పడిపోయాయి. అలసిన ఆటగాళ్లతో దాడి చేయించడం కన్నా వెనక్కి వచ్చి గుంపుగా నిలబెట్టడం కోచ్‌లకు తేలికని నా అభిప్రాయం. 2019లో 6-6-6 (ముందు, మధ్య, వెనక ఆరుగురేసి) తెచ్చి, ఆట మొదలుపెట్టే సెంటర్ బౌన్స్ సమయంలో ఎవరెక్కడ ఉండాలో గీసిచ్చారు, 2021లో స్టాండ్ రూల్ తెచ్చి మార్క్ (కిక్ కొట్టేవాడికి ఎదురుగా ఉండే చోటు) దగ్గర నిలబడ్డవాణ్ని పక్కకు కదలొద్దన్నారు, కదిలితే 50 మీటర్ల పెనాల్టీ, అంటే కిక్ కొట్టేవాడు అంత ముందుకు వెళ్తాడు. స్టాండ్ రూల్ మీద మీకు కోపం ఉంటే ఆ కోపాన్ని సరిగ్గా పెట్టండి. నా ఫిర్యాదు అంపైర్ "ప్లే ఆన్" (ఆట సాగనివ్వండి) అనడంలో ఆలస్యం మీద. కిక్ చేసేవాడు పక్కకు నాలుగడుగులు వేశాక పిలుపు వస్తే, నిలబడ్డవాడికి ఏ దారీ ఉండదు. పిలుపు త్వరగా వస్తే ఆ రూలే న్యాయంగా కనిపిస్తుంది.

2026 సీజన్ నుంచి వచ్చిన మార్పుల్లో రెండింటిని ఇదే పద్ధతిలో చూడండి. మొదటిది సెంటర్ బౌన్స్‌కు స్వస్తి. బంతిని నేలకేసి కొట్టి ఆట మొదలుపెట్టడం ఈ ఆటకు గుర్తు, అది పోతే బాధపడేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయితే నిర్ణయాలు చక్కగా తీసుకోగల అంపైర్లు బంతి నిటారుగా లేవలేదన్న ఒక్క కారణంతో పైకి వెళ్లలేకపోయారు. నడుములు, భుజాలు పాడుచేసుకున్నవాళ్లున్నారు. వంకరగా లేచిన బంతి, దానికోసం ఎగిరే ఇద్దరిలో ఒక రక్‌మన్‌కు వరం, ఇంకొకడికి శాపం. గుర్తు కన్నా మంచి అంపైర్ ముఖ్యమని నేను బంతి పైకి విసరడాన్నే సమర్థిస్తాను. మీరు కాదంటే బౌన్స్‌ను ఉంచుతూ ఆ అంపైర్లను ఎలా కాపాడుకోవాలో కూడా చెప్పండి.

రెండోది లాస్ట్ డిస్పోజల్. గోల్స్ ముందు గీసిన రెండు 50 మీటర్ల ఆర్క్‌ల (వంపు గీతల) మధ్య, ఒకడు కొట్టిన కిక్ లేదా హ్యాండ్‌బాల్ ఎవరినీ తాకకుండా గీత దాటితే అవతలివాళ్లకు ఫ్రీ కిక్. దక్షిణ ఆస్ట్రేలియా లీగ్ ఎస్‌ఏఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇలాంటి రూలు 2016 నుంచే ఉంది. గీత దగ్గర పనిచేసేవాడిగా నాకిది నచ్చింది. ఇంతకుముందు ఆ ఆటగాడు బంతిని లోపల ఉంచాలనుకున్నాడా లేదా అని అంపైర్ వాడి మనసు చదవాల్సి వచ్చేది. ఇప్పుడు మైదానం మధ్యలో ఆ పని లేదు. ఆర్క్‌ల లోపల మాత్రం పాత పద్ధతే కాబట్టి అక్కడి గొడవలు అక్కడే ఉంటాయి. గీత వెంట పొడవుగా కొట్టి కాస్త ఊపిరి పీల్చుకునే ఆట దీనివల్ల తగ్గుతుందన్న విమర్శలో నిజముంది. ఆ ఆటను ఇష్టపడేవాళ్లు ఈ రూలును వ్యతిరేకించడానికి అది గట్టి కారణమే.

తప్పు జరిగిందని తేలాక ఏం కోరాలో కూడా ఆలోచించుకోండి. 2023 ఆగస్టులో అడిలైడ్ ఓవల్‌లో బెన్ కేయ్స్ కొట్టిన బంతి పోస్ట్‌ను తాకిందని బిహైండ్ (గోల్ కాదు, ఒక్క పాయింటే) ఇచ్చారు, రివ్యూ అడగలేదు. అతని టీమ్ అడిలైడ్ క్రోస్ ఒక్క పాయింట్‌తో ఓడింది, ఫైనల్స్ ఆశ పోయింది. అది గోలేనని మర్నాడు ఏఎఫ్‌ఎల్ ఒప్పుకుంది, ఫలితం మాత్రం మారలేదు. బంతి పోస్ట్‌ను తాకిందా అన్నది జరిగిన సంగతి, కెమెరా తేల్చగలదు. 2012 నుంచి ఉన్న స్కోర్ రివ్యూ అలాంటివాటికే. అక్కడ రివ్యూ తప్పనిసరి చెయ్యమని అడగడం సబబు. ప్రయర్ ఉందా లేదా అన్నది నిర్ణయం. దాన్ని నెమ్మదిగా తిప్పి చూసినా నలుగురు నాలుగు మాటలు చెప్తారు. హోల్డింగ్ ద బాల్‌కి కూడా వీడియో పెట్టాలనేవాళ్లు వాదనకు దిగే ముందు ఈ తేడాకు సమాధానం చెప్పాలి.

ఏఎఫ్‌ఎల్ అంపైర్లలో చాలామందికి వేరే ఉద్యోగాలున్నాయి. 2022లో ఆటగాళ్లు చేతులు చాచి నిరసన తెలిపినా 50 మీటర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. మరీ కఠినమని తిట్టారు, నేను మాత్రం సమర్థించాను. టీవీలో చాచిన చేతులు వచ్చే ఆదివారం పదేళ్ల పిల్లల మ్యాచ్‌లో కనపడతాయి, అక్కడ విజిల్ పట్టుకున్నది తరచూ పదిహేనేళ్ల పిల్లో పిల్లాడో. కాబట్టి జూనియర్ మ్యాచ్‌లో కంచె దాటి అంపైర్ దగ్గరకు వెళ్లకండి, క్వార్టర్ బ్రేక్‌లో పలకరించి అడగకండి. అడగాల్సింది ఉంటే మీ టీమ్ మేనేజర్‌కు రాసివ్వండి: ఏ క్వార్టర్, మైదానంలో ఏ వైపు, బంతి ఎవరి దగ్గరుంది, ప్రయర్ ఉందా, అంపైర్ ఎటువైపు నిలబడ్డాడు. క్లబ్ దాన్ని లీగ్‌కు పంపితే, అంపైర్లకు శిక్షణ ఇచ్చేవాళ్ల చేతికి చేరుతుంది.