మసి మీద రంగేస్తానన్న కాంట్రాక్టర్ వద్దు

అగ్నిప్రమాదం తర్వాత ఇల్లు బాగుచేయించడానికి మనిషిని వెతుకుతుంటే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "గోడల మీది మసి ఎలా తీస్తారు?" "తీసేదేముంది, నేరుగా ప్రైమర్ కొట్టి రంగేసేస్తాం" అంటే అక్కడికక్కడే నమస్కారం పెట్టేయండి. అలా వేస్తే కొన్నాళ్లకు మరకలు పైకి తేలతాయి, ఉక్కపోసిన రోజు పొగ వాసన మళ్లీ గుప్పుమంటుంది. పని తెలిసినవాడు ముందు వాక్యూమ్‌తో, పొడి స్పాంజితో మసి లాగేస్తాడు. తడిగుడ్డతో మొదలుపెడితే అది గోడలోకి ఇంకా ఇంకిపోతుంది. స్విచ్‌బోర్డులు కూడా విప్పి చూస్తాడు, మసిలోని ఆమ్లగుణం లోహాన్ని తినేస్తుంది కాబట్టి.

మంటలార్పిన నీటి సంగతీ అడగండి. తడి ఆరకపోతే 24 నుంచి 48 గంటల్లోనే బూజు మొదలవ్వచ్చు.

కాంక్రీటు గులాబీ రంగుకు తిరిగిందంటే దాదాపు 300 డిగ్రీల వేడి తగిలిందని అనుమానించాలి. అక్కడ కాంట్రాక్టర్ మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడాల్సిందే.

ఇల్లు ఇంకా పొగలు కక్కుతుండగానే కాగితాలు పట్టుకుని వాలిపోయేవాళ్లుంటారు (ఎలా తెలుస్తుందో వాళ్లకి!). ఆ టెన్షన్‌లో సంతకం పెట్టకండి. బీమా ఉంటే ఫొటోలు తీసేదాకా ఏదీ కదిలించనివ్వకండి. అంచనా గదివారీగా రాయించుకుని, డబ్బు పని జరిగేకొద్దీ ఇవ్వండి.