యాక్సిలరేటర్ తొక్కగానే కారు వెనక భాగం జారిపోతోందా? కారణాలు, పరిష్కారాలు

బెంగళూరులో మన తెలుగువాళ్ల దగ్గర బీఎండబ్ల్యూ ఎం2, ఫోర్డ్ మస్టాంగ్, పోర్షా 911 లాంటి స్పోర్ట్స్ కార్లు బాగానే ఉన్నాయి. ఆదివారం తెల్లవారకముందే హెబ్బాళ దాటి దేవనహళ్లి వైపు వెళ్తే ఎవరో ఒకరు కనిపిస్తారు. బండి అదుపు తప్పిందంటే చాలామంది రోడ్డు మీదకో టైర్ల మీదకో నెట్టేస్తారు కానీ, ఎక్కువసార్లు అసలు కారణం కుడికాలే. ఒక్కసారిగా తొక్కడమే కాదు, ఒక్కసారిగా వదిలేయడం కూడా అంతే ప్రమాదం.

సమస్య: యూటర్న్‌లో కాస్త తొక్కానంతే, వెనక భాగం గిర్రున తిరిగిపోయింది.

టైరుకు ఉండే పట్టు నెల జీతంలాంటిది, మలుపు తిరగడానికి సగానికి పైగా ఖర్చయిపోయాక ముందుకు దూకడానికి పెద్దగా ఏమీ మిగలదు. 2023లో మన దేశానికొచ్చిన ఎం2 ఇంజిన్ టార్క్, అంటే తిప్పే బలం, 550 న్యూటన్ మీటర్లు (ఎన్ఎం). మొదటి గేరులో అది గేర్ల వల్ల పెరిగి వెనక చక్రాలకు చేరేసరికి పదింతలు దాటిపోతుంది, కాబట్టి మీకు "కాస్త" అనిపించింది టైరుకు చాలా ఎక్కువ. స్టీరింగ్ తిప్పి ఉన్నంతసేపు కాలు తేలిగ్గా ఉంచి, అది నిటారుకు వస్తున్నకొద్దీ తొక్కుతూ రండి. జారడం మొదలైతే వెనక భాగం ఎటు పోతోందో స్టీరింగ్ అటే తిప్పండి, చూపు మాత్రం మీరు వెళ్లాల్సిన వైపే ఉండాలి, ఎదురుగా ఉన్న డివైడర్ వైపు కాదు. కాలు మెల్లగా తగ్గించండి. ఇక ఆగదు, పూర్తిగా తిరిగిపోతోంది అనిపిస్తే మాత్రం బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోండి, మాన్యువల్ అయితే క్లచ్ కూడా.

ఇక్కడే కాలు సంగతి. మడమ నేల మీద ఆనించి చీలమండ దగ్గర మాత్రమే పాదం వంచితే పెడల్‌ను కొంచెం కొంచెంగా కదపగలం. మడమ గాల్లో ఉంటే మొత్తం కాలి బరువు పెడల్ మీద పడుతుంది, గతుకు వచ్చినప్పుడల్లా మనకు తెలియకుండానే తొక్కేస్తాం. మందం సోల్ బూట్లు, వదులు చెప్పులు వద్దు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పక్క సీట్లో కూర్చున్నప్పుడు నేను ముందు చూసేది మడమనే.

సమస్య: ఫ్లైఓవర్ లూప్‌లో స్పీడు ఎక్కువైందని భయపడి కాలు తీసేశాను, అప్పుడు వెనక జారింది.

కాలు తీసేయగానే బరువు ముందుకు వెళ్లిపోయి వెనక టైర్లు తేలికవుతాయి. ఇంజిన్ వెనకాల ఉండే పాత 911లకు ఈ విషయంలో చెడ్డపేరే ఉంది. స్పీడు లూప్‌లోకి దిగకముందే, స్టీరింగ్ నిటారుగా ఉన్నప్పుడే బ్రేక్ వేసి తగ్గించుకోవాలి. లోపలికి వచ్చాక ఎక్కువనిపిస్తే కాలు మెల్లగా, కొంచెమే తగ్గించండి.

సమస్య: తిన్నగా వెళ్తూ ఓవర్‌టేక్ కోసం తొక్కితే బండి అడ్డంగా తిరిగింది.

టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో ఎక్కించే పరికరం) ఉన్న బండ్లలో తొక్కిన వెంటనే బూస్ట్, అంటే ఆ అదనపు ఒత్తిడి, రాదు. ఆటోమేటిక్ అయితే అదే సమయంలో గేరు కూడా కిందికి పడుతుంది. రెండూ కలిసి వచ్చేటప్పటికి బలమంతా ఒక్కసారి చక్రాల మీద పడుతుంది. కింద తడిసిన తెల్ల గీతలు గానీ, మెట్రో పనుల దగ్గర పరిచిన ఇనుప పలకలు గానీ ఉంటే చెప్పక్కర్లేదు. మొదటి వానకు నూనె, దుమ్ము కలిసి రోడ్డు జిడ్డుగా ఉన్నప్పుడు కంఫర్ట్ మోడ్‌లో, ఒక గేరు పైన నడపండి.

సమస్య: ఒకవైపు జారింది సరిచేశాను, వెంటనే రెండోవైపు విసిరికొట్టింది.

తిప్పిన స్టీరింగ్‌ను సమయానికి వెనక్కి తేలేదు. టైర్లకు మళ్లీ పట్టు దొరికిన క్షణంలో ముందు చక్రాలు ఎటు చూస్తే బండి అటే దూకుతుంది. జారడం తగ్గుతోందని నడుముకు తెలియగానే, ఆగేదాకా చూడకుండా, స్టీరింగ్ నిటారుకు తెచ్చేయండి.

సమస్య: స్టెబిలిటీ కంట్రోల్ ఉంది కదా, అయినా ఎందుకు జారింది?

స్టెబిలిటీ కంట్రోల్ అంటే బండి జారుతుంటే తానే చక్రాలకు బ్రేక్ వేసి, ఇంజిన్ బలం తగ్గించే సిస్టం. మీటర్‌లో జారుతున్న కారు బొమ్మతో ఉండే పసుపు దీపం చూడండి. టకటకా మెరిస్తే సిస్టం పనిచేస్తోందని, మీరు పట్టు అంచుకు వచ్చారని అర్థం. ఆఫ్ అని చూపిస్తూ ఆగకుండా వెలుగుతుంటే దాన్ని ఎవరో ఆపేశారు. స్పోర్ట్ మోడ్‌లలో కొన్ని బండ్లు జోక్యాన్ని ఆలస్యం చేస్తాయి కూడా. ఊరి రోడ్ల మీద దయచేసి దాన్ని ఆపకండి, పక్క లేన్‌లో స్కూటర్ మీద పిల్లాడితో వెళ్లేవాళ్లు ఉంటారు. ఆపి నేర్చుకోవాలనుంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, శిక్షకుణ్ని పక్కన పెట్టుకుని అక్కడ నేర్చుకోండి.

వారానికి ఒక్కరోజే బయటికి తీసే బండికి టైర్ అరగదు కానీ రబ్బరు గట్టిపడిపోతుంది. టైరు పక్క గోడ మీద తయారీ తేదీ చెప్పే నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాలి టైర్లు చల్లగా ఉన్నప్పుడే, డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్‌లో ఉన్న లెక్క ప్రకారం కొట్టించండి, బయల్దేరిన మొదటి కొన్ని కిలోమీటర్లు టైర్లు వేడెక్కేదాకా మెల్లగానే వెళ్లండి.