కారు చార్జింగ్ కేబుల్‌కు గోడ మీద స్వింగ్ ఆర్మ్ చేసుకోవడం ఎలా?

ఇంట్లో 7.2 కిలోవాట్ల చార్జర్ పెట్టించుకున్నాక చాలామంది కేబుల్‌ను నేల మీదే వదిలేస్తున్నారు. దాని మీదుగా కారు ఎక్కుతుంది, ఎలుకలు కొరుకుతాయి, చీకట్లో పెద్దవాళ్ల కాళ్లకు చుట్టుకుంటుంది. గోడకు గేటులా తిరిగే ఒక ఇనుప ఆర్మ్ ఉంటే ఈ టెన్షన్ ఉండదు. డ్రాయింగ్ ఇస్తే వెల్డింగ్ షాపులో చేసి పెడతారు.

ముందు కేబుల్ పొడవు చూసుకోండి. కారును రోజూ ఆపే చోటే ఆపి, ఒకరిని నిచ్చెన ఎక్కించి, ఆర్మ్ వచ్చే ఎత్తులో కేబుల్ పట్టుకోమనండి. ఏడడుగుల ఎత్తులో నాలుగడుగుల ఆర్మ్ అనుకుంటే, చార్జర్ నుంచి పైకెక్కి, ఆర్మ్ చివరికి చేరేసరికే ఐదు మీటర్ల కేబుల్‌లో సగం అయిపోతుంది. మిగిలిన సగం కిందికి దిగి కారు సాకెట్‌ను అందుకోవాలి. నెక్సాన్ ఈవీకి సాకెట్ వెనకాల, పెట్రోల్ మూత ఉండే చోట ఉంటుంది. ఎంజీ జెడ్ఎస్ ఈవీకి ముందు భాగంలో ఉంటుంది. అందకపోతే ఆర్మ్ స్థానం మార్చండి, ఎక్స్‌టెన్షన్ మాత్రం వద్దు.

ఇక అసలు విషయం ఆర్మ్ తిరిగే బందులు (హింజెస్). కేబుల్, కారు సాకెట్‌లో పెట్టే గన్ కలిపి మూడు కిలోలకు అటూ ఇటూ ఉన్నా, హడావుడిలో మనం లాగే బలం కూడా ఆర్మ్ మీదే పడుతుంది. అందుకే 15 కిలోలకు లెక్క వేయండి. ఆర్మ్ 1.2 మీటర్లు, రెండు గేటు బందుల మధ్య దూరం 10 సెంటీమీటర్లే అయితే పై బందును గోడ నుంచి పీకే బలం 180 కిలోలు. అదే దూరం 30 సెంటీమీటర్లకు పెంచితే 60 కిలోలకు దిగుతుంది. బోల్టు లావు పెంచడం కంటే ఈ దూరం పెంచడమే మేలు.

గోడకు బిగించే అడుగున్నర పొడవు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీకి బందులు రెండూ అడుగు ఎడంగా వెల్డ్ చేయించండి. వాటికి నిలువుగా ఒక అంగుళం స్క్వేర్ పైపు, దాని అడుగు నుంచి అడ్డంగా ఆర్మ్, పై కొస నుంచి ఆర్మ్ మధ్య దాటాక ఏటవాలుగా ఒక కడ్డీ. పదునైన అంచులు గ్రైండ్ చేయించి, రెడ్ ఆక్సైడ్ మీద పెయింట్ వేయండి.

డ్రిల్ చేసే ముందు చార్జర్ ఎంసీబీ, ఆ గోడలో వెళ్లే లైన్లు ఆపేయండి. చార్జర్‌కు సరిగ్గా పైన గోడలోపల వైరు పైపు ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి అక్కడ రంధ్రం చేయొద్దు. అన్నిటికంటే మంచిది కాంక్రీటు పిల్లర్. తేలిక బ్లాకుల గోడలో మామూలు యాంకర్ బోల్టులు పట్టవు. రంధ్రం లోతును ప్లాస్టరింగ్ మందం వదిలేసి, దాని వెనకున్న అసలు గోడలోనే కొలుచుకోండి. దుమ్మంతా ఊదేశాకే బోల్టు దించండి. డ్రిల్లుకు కాంక్రీటులోని ఇనుప కడ్డీ తగిలితే కోయకుండా పక్కకు జరగండి.

బోల్టులు బిగించే ముందు తూకం గుండు వేలాడదీసి రెండు బందులూ ఒకే నిలువులో ఉన్నాయో లేదో చూడాలి. పై బందు ఎటు ఒరిగితే ఆర్మ్ అటే జారుతుంది. కారు వైపు ఒరిగితే అద్దానికో డోరుకో తగులుతుంది.

కేబుల్‌ను సన్నటి కొక్కేనికి వేలాడదీస్తే అక్కడే మడతపడి పాడవుతుంది. నాలుగంగుళాల పీవీసీ పైపును నిలువునా సగానికి కోసి, అంచులు నున్నగా రుద్ది, ఆ ముక్కలను ఆర్మ్ మీద బోల్టులతో బిగించండి. కేబుల్ ఆ గుండ్రటి వీపు మీద ఆనుతుంది. వెల్క్రో పట్టీతో వదులుగా కట్టండి. బందుల దగ్గర ఒక వదులు వంపు ఉంచితే ఆర్మ్ తిరిగినప్పుడు చార్జర్ దగ్గర కేబుల్ లాక్కోదు. మిగిలిన పొడవును చార్జింగ్ జరుగుతుండగా చుట్టగా కట్టొద్దు, 32 ఆంపియర్ల కరెంటుకు చుట్ట వేడెక్కుతుంది.

కేబుల్ ఎక్కించడానికి ముందే ఒక పరీక్ష చేయండి. కారు బయటపెట్టి, ఆర్మ్ చివర 15 లీటర్ల నీళ్ల బకెట్ వేలాడదీసి, ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున బోల్టులకు స్పానర్ వేసి చూడండి. పట్టీ గోడ నుంచి వెంట్రుకవాసి కదిలినా, విప్పి వేరే చోట బిగించండి.