గుండె సీటీ స్కాన్‌లో ఊపిరి తడబడితే: సమస్య - పరిష్కారం

సమస్య: గుండె రక్తనాళం మధ్యలో తెగి, పక్కకు జరిగి అతికినట్టు కనిపిస్తోంది.

ముందు రొమ్ము ఎముకను చూడండి. పక్క నుంచి చూపే బొమ్మలో అదీ మెట్లుమెట్లుగా విరిగి ఉంటే రోగి ఊపిరి వదిలేశారని అర్థం. ఎముక నున్నగా ఉండి గుండె ఒక్కటే విరిగితే లయ తప్పిందన్నమాట. ఈసీజీ చూసుకుని గుండె కొట్టుకోవడంలోని వేరే దశలో బొమ్మ కడితే చాలావరకు సర్దుకుంటుంది. ఊపిరి కదలికకు ఆ దారి లేదు. సాధారణంగా మళ్లీ తీయాల్సిందే, అంటే మరో విడత రేడియేషన్, రక్తనాళాలు బొమ్మలో కనబడేందుకు ఎక్కించే అయోడిన్ మందు మరో మోతాదు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలోని కవిటి నుంచో సోంపేట నుంచో వచ్చిన మనిషికి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూడనిదే మొదటి మోతాదే ఇవ్వం. రెండోసారి అన్న మాట అంత తేలిగ్గా ఎలా అనగలం?

చాలాసార్లు మూలం మన మాటలోనే ఉంటుంది. యంత్రంలోని గొంతు ఇంగ్లీషులో చెబుతుంది. బల్ల మీద ఉన్నది ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ఒడియా అమ్మ. యంత్రం ఒప్పుకుంటే తెలుగులో, ఒడియాలో, సవరలో రికార్డు చేసి పెట్టండి. లేదంటే మైకులో మీరే చెప్పండి: “గాలి పీల్చండి, ఆపండి, నేను చెప్పేదాకా వదలకండి.” “ఆపారా?” అని మాత్రం అడగకండి. పెద్దవాళ్లు మర్యాదకు “ఆపానండీ” అంటారు, ఆ మాటతోనే గాలి పోతుంది.

సమస్య: రక్తనాళాల్లో మందు పలచగా ఉంది.

గట్టిగా పీల్చి బిగిస్తే మందు కలవని రక్తం పొట్టవైపు నుంచి గుండెలోకి ఎక్కువగా వస్తుంది; ముక్కితే చేతి నుంచి మందు రావడమూ మందగిస్తుంది. ముప్పాతిక వంతు పీల్చి, నోరు కొద్దిగా తెరిచి ఉంచమనండి.

సమస్య: ఊపిరి ఆపగానే గుండె వేగం మారుతోంది.

ఇది సహజమే. స్కాన్‌కు ముందే, పొట్ట మీద చెయ్యి వేసి కదలిక గమనిస్తూ, ఈసీజీ తెర చూస్తూ, స్కాన్‌కు పట్టేంతసేపూ ఊపిరి ఆపే సాధన చేయించండి. నిమిషానికి 60-65 దాటితే గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ మందు సంగతి డాక్టరు చూస్తారు. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి. మందు వెళ్లేటప్పుడు ఒళ్లంతా వేడెక్కుతుందని కూడా చెప్పండి, లేకపోతే ఉలిక్కిపడి ఊపిరి వదిలేస్తారు.

సమస్య: పది సెకన్లు కూడా ఆపలేకపోతున్నారు.

ముందు రెండు మూడుసార్లు నిదానంగా ఊపిరి తీయించండి. అవసరమైతే డాక్టరును అడిగి ముక్కు గొట్టంతో ఆక్సిజన్ ఇవ్వండి. స్కాన్ చేసే నిడివిని గుండె వరకే కుదించండి. జనపనార మిల్లు ధూళిలో ఏళ్లు గడిపి దగ్గుతున్న మనిషైతే, అత్యవసరం కానప్పుడు దగ్గు తగ్గాకే రమ్మనండి.